ఆందోళన మందుకు తోడు నిద్రమాత్ర: ఏవి కలవొచ్చు, ఏవి కలవకూడదు

మీ ప్రశ్న సారాంశం ఇది. వయసు 46, మహిళ. మూడు నెలలుగా ఆందోళనకు ఉదయం ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రి క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు వాడుతున్నారు. అయినా తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. వేరే డాక్టరును కలిస్తే జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాములు రాశారు. ఈలోగా దగ్గు పట్టుకుని సిరప్ కూడా తాగుతున్నారు. ఇవన్నీ కలిపి వేసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. క్లోనజెపామ్ వేసుకున్న రాత్రి దాని మీద జోల్పిడెమ్ వేసుకోవద్దు. అలాగని ఈ రాత్రే క్లోనజెపామ్ మానేసి జోల్పిడెమ్‌కు మారిపోవద్దు కూడా. పాత మందులు మొదట రాసిన ప్రకారమే కొనసాగించండి, కొత్త మాత్ర పక్కన పెట్టండి, రేపు మొదటి డాక్టరుతో మాట్లాడండి. సిరప్ సీసా మీద ఏం రాసి ఉందో మాత్రం ఈ రోజే చదవండి. కారణం కింద చెబుతాను.

క్లోనజెపామ్, ఆల్ప్రాజొలామ్, లోరాజెపామ్, డయజెపామ్, ఎటిజొలామ్‌లను ఆందోళన మందులంటారు. జోల్పిడెమ్, జోపిక్లోన్, ఎస్జోపిక్లోన్‌లను నిద్రమాత్రలంటారు. పేర్లు వేరు, చీటీలో రాసే కారణాలు వేరు, కానీ మెదడులో ఇవన్నీ చేరే చోటు ఒక్కటే. నరాల చురుకును తగ్గించే గాబా అనే రసాయనానికి ఒక గ్రాహకం ఉంటుంది. ఈ మందులన్నీ దాని మీదే కూర్చుని గాబా పనిని పెంచుతాయి. కాబట్టి క్లోనజెపామ్ మీద జోల్పిడెమ్ వేయడమంటే ఆందోళనకొకటి, నిద్రకొకటి వేసుకున్నట్టు కాదు, ఒకే రకం మందు డోసు పెంచుకున్నట్టు. నిద్ర లోతు పెద్దగా పెరగదు. పెరిగేవల్లా మర్నాటి మత్తు, తూలు, మతిమరుపు, రాత్రి బాత్రూముకు వెళ్తూ పడిపోయే ప్రమాదం. పడుకునే వేళ ఇతర నిద్రమందులతో కలిపి వాడటం మంచిది కాదని జోల్పిడెమ్ కంపెనీ సమాచార పత్రంలోనే ఉంటుంది.

చాలామంది చూడని లెక్క ఒకటుంది. క్లోనజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది. మీరు రోజూ 24 గంటలకొకసారి వేసుకుంటున్నారు, అంటే నిన్నటి మాత్రలో సగానికి పైగా ఇంకా ఒంట్లో ఉండగానే ఇవాళ్టి మాత్ర పడుతుంది. వారం గడిచేసరికి రక్తంలో మందు మొదటి రాత్రి ఉన్నదానికి సుమారు రెండున్నర రెట్ల దగ్గర నిలుస్తుంది. అందుకే ‘రాత్రి పదింటికి క్లోనజెపామ్ వేసుకున్నాను, రెండింటికి దాని పని అయిపోయి ఉంటుంది, అప్పుడు జోల్పిడెమ్ వేసుకుంటే తప్పేంటి’ అన్న ఆలోచన పనికిరాదు. క్లోనజెపామ్ రెండింటికీ ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నానికీ ఉంటుంది. జోల్పిడెమ్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. ఆల్ప్రాజొలామ్‌కు సగటున 11 గంటలు. డయజెపామ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, అది కాలేయంలో విరిగాక మిగిలే పదార్థం ఇంకా ఎక్కువ రోజులు పనిచేస్తూనే ఉంటుంది.

జోల్పిడెమ్ 10 అన్న అంకె గురించి కూడా మీ డాక్టరును అడగాలి. ఈ మందు ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. ఉదయానికి కూడా బండి నడపడం ప్రమాదమయ్యేంత మందు మిగిలి ఉంటోందని గమనించి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో మహిళలకు మామూలు మాత్ర ప్రారంభ డోసును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. 65 దాటినవారికి ఆడామగా తేడా లేకుండా 5 మిల్లీగ్రాములే. ఒంటరిగా వాడినా సరే, మంచం ఎక్కబోయే ముందు మాత్రమే వేసుకోవాలి, ఆ తర్వాత కనీసం 7–8 గంటలు పడుకునే వీలుండాలి. కడుపునిండా తిన్న వెంటనే వేసుకుంటే పని మొదలవడం ఆలస్యమవుతుంది. అప్పుడు ‘పనిచేయలేదు’ అనుకుని రెండోది మింగుతారు. తప్పు జరిగేది చాలాసార్లు అక్కడే. నిద్రలోనే లేచి వంట చేయడం, కారు నడపడం, మర్నాడు ఏదీ గుర్తు లేకపోవడం లాంటివి జరిగి గాయాలు, మరణాలు నమోదయ్యాయి కాబట్టి 2019లో ఈ కోవ మందులన్నిటికీ అత్యంత తీవ్రమైన హెచ్చరిక చేర్చారు. ఒక్కసారి అలా జరిగినా ఆ మందు మళ్లీ ముట్టుకోకూడదు. మద్యం, ఇతర మత్తు మందులు తోడైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇక సిరప్. సీసా మీద చిన్న అక్షరాల్లో మూడు రకాల మందుల పేర్లు వెతకండి. క్లోర్‌ఫెనిరమైన్ లేదా డైఫెన్‌హైడ్రమైన్ ఉంటే అది మత్తు కలిగించే అలర్జీ మందు, క్లోనజెపామ్ మత్తుకు ఇంకాస్త కలుపుతుంది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటే అది మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే మందు. ఎస్సిటలోప్రామ్ పని కూడా అదే, కాబట్టి ఆ కలయిక వద్దు. కోడీన్ ఉంటే అది నల్లమందు కోవకు చెందినది, క్లోనజెపామ్‌తో అస్సలు పనికిరాదు. మూడింట్లో ఏది కనిపించినా ఫార్మసిస్టుకు మీ మందులన్నీ చెప్పి, ఇవి లేని దగ్గు మందు అడగండి.

కోడీన్ గురించి అంత గట్టిగా ఎందుకన్నానంటే, ఈ మందుల కథలో ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా ఆ జోడీతోనే. కోడీన్, ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు మెదడులో శ్వాసను నడిపించే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. బెంజోడయజెపైన్లు, అంటే క్లోనజెపామ్ కోవ మందులు, ఒంటరిగా నోటి ద్వారా వేసుకుంటే ఆ కేంద్రాన్ని అంతగా అణచవు, కానీ ఈ రెండూ కలిస్తే నిద్రలోనే శ్వాస ఆగిపోవచ్చు. 2016లో ఎఫ్‌డీఏ రెండు వర్గాల మందుల మీదా దీని గురించి తీవ్ర హెచ్చరిక పెట్టింది. మద్యం కూడా అదే పని చేస్తుంది. క్లోనజెపామ్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి ‘మద్యం సాయంత్రం, మాత్ర రాత్రి’ అని గంటలు లెక్కపెట్టుకుని లాభం లేదు, వాడుతున్నన్నాళ్లూ మద్యం మానేయాల్సిందే. నరాల నొప్పికీ, కొన్ని చోట్ల ఆందోళనకూ వాడే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ నిరపాయం అనుకుంటారు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో, వృద్ధుల్లో, ఇతర మత్తు మందులతో కలిపినప్పుడు ఇవి కూడా శ్వాసను మందగింపజేస్తాయని 2019లో హెచ్చరిక వచ్చింది. ఇవి కిడ్నీల ద్వారా పోతాయి, కాబట్టి కిడ్నీ పనితీరు తగ్గితే డోసూ తగ్గించాలి.

నిద్రతో, ఆందోళనతో ఏ సంబంధమూ లేని మందు వచ్చి చెడగొట్టే దారి ఇంకొకటుంది. ఆల్ప్రాజొలామ్‌ను కాలేయంలో 3ఏ4 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ ఆ ఎంజైమ్‌ను కట్టేస్తాయి. అందుకే ఆ రెంటితో ఆల్ప్రాజొలామ్ నిషిద్ధం. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, రిటోనవిర్ ఉన్న వైరస్ మందులు కూడా అదే దారిలో మత్తు పెంచుతాయి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూవోక్సమైన్ ఆల్ప్రాజొలామ్ స్థాయిని దాదాపు రెట్టింపు చేస్తుంది. మాత్రలు అవే, లెక్క అదే, కానీ ఒంట్లో పడేది రెట్టింపు. దీనికి తలకిందులుగా క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్ ఆ ఎంజైమ్‌ను పెంచి మందును త్వరగా ఖర్చు చేస్తాయి. అప్పుడు పనిచేయడం లేదని డోసు పెంచుతారు. కోర్సు పూర్తయి రిఫాంపిసిన్ ఆపాక రెండు వారాల్లో ఎంజైమ్ మామూలు స్థితికి వస్తుంది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ రెండు వారాలే జాగ్రత్తగా గమనించాల్సిన రోజులు. లోరాజెపామ్ ఈ ఎంజైమ్ మీద ఆధారపడదు. కాలేయం బలహీనంగా ఉన్నవారికి, చాలా మందులు వాడేవారికి తప్పనిసరైతే డాక్టర్లు దాన్ని ఎంచుకునేది అందుకే.

మీ ఎస్సిటలోప్రామ్ వేరే దారిలో పోతుంది. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని స్థాయిని పెంచుతాయి. ఎస్సిటలోప్రామ్ ఎక్కువైతే ఈసీజీలో క్యూటీ అనే దూరం సాగి గుండె లయ తప్పవచ్చు. హైడ్రాక్సిజైన్, వాంతులకు వాడే ఒన్డాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్ కూడా క్యూటీని సాగదీసేవే. ఒక్కోటి విడిగా పెద్దగా చేయకపోవచ్చు. రెండు మూడు ఒకే వారంలో కలిసి, విరేచనాలతో పొటాషియం కూడా పడిపోతే పరిస్థితి మారిపోతుంది. గుండె జబ్బు ఉన్నా, గతంలో ఉన్నట్టుండి స్పృహ తప్పి ఉన్నా ఈసీజీ తీయించకుండా ఇలాంటి కలయిక మొదలుపెట్టకూడదు.

మరి ఏవి కలుస్తాయి? మొదట మీకు రాసిన జోడీలో తప్పు లేదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరికి ఆందోళన కాస్త పెరుగుతుంది కూడా. ఆ మధ్యకాలం దాటించడానికి తక్కువ డోసులో క్లోనజెపామ్ రెండు నుంచి నాలుగు వారాలు ఇవ్వడం ఒప్పుకున్న పద్ధతే. అయితే ఆపే తేదీ చీటీ మీద ఉండాలి. మీ విషయంలో లోపించింది ఆ తేదీ. మూడు నెలలు గడిచేసరికి మెదడు ఆ మందుకు అలవాటు పడిపోయి, నిద్ర విషయంలో దాని ప్రభావం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది.

ఆందోళన మందు కొనసాగుతూ నిద్రకు కూడా తోడు అవసరమైతే డాక్టర్లు గాబాతో పనిలేని మందుల వైపు చూస్తారు. మెలటోనిన్ 2 మిల్లీగ్రాముల దీర్ఘ విడుదల మాత్ర పడుకునే ముందు ఒకటి రెండు గంటలకు వేసుకోవాలి. ఫ్లూవోక్సమైన్ వాడేవారికి ఇది పనికిరాదు, మెలటోనిన్ స్థాయి విపరీతంగా పెరిగిపోతుంది. మిర్టజపైన్ 7.5 నుంచి 15 మిల్లీగ్రాములు నిద్రకూ ఆందోళనకూ సాయపడుతుంది. దానికి బదులుగా ఆకలి, బరువు పెరుగుతాయి. ట్రజొడోన్ తక్కువ డోసులో, అంటే 25–50 మిల్లీగ్రాములు, చాలామంది రాస్తారు. నిద్రలేమికి దాని మీద ఆధారాలు బలంగా లేవని నా అభిప్రాయం, పైగా లేచి నిలబడితే బీపీ పడిపోతుంది, ఎస్సిటలోప్రామ్‌తో కలిస్తే సెరటోనిన్, క్యూటీ రెండూ గమనించాలి. మగవారిలో అరుదుగా అంగస్తంభన నొప్పితో గంటల తరబడి తగ్గకుండా ఉండిపోతుంది, అది నాలుగు గంటలు దాటితే అత్యవసరం. నిద్ర కోసమే తక్కువ డోసు క్వెటియాపైన్ వాడటాన్ని నేను సమర్థించను. బరువు, చక్కెర పెరిగే మందును నిద్రకోసం వాడటం లాభసాటి బేరం కాదు. బస్పిరోన్ పగటి ఆందోళనకు మంచిది, మత్తు ఉండదు. కానీ రెండు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. క్లోనజెపామ్ మానేటప్పుడు వచ్చే బాధను అది ఆపదు, ఆ ఆశతో మారకూడదు. గుండె దడకు ప్రొప్రనొలాల్ పనికొస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి మాత్రం కూడదు.

సెరటోనిన్ మందుల కలయికలో ఏది చెడిందో ఎలా తెలుస్తుంది? చెమటలు, చేతుల వణుకు, విరేచనాలు, స్థిమితం లేకపోవడం, కండరాలు ఎగిరెగిరి పడటం, జ్వరం. మత్తుకు ఇది తలకిందులు, మనిషి మగతగా కాక ఊగిపోతూ ఉంటాడు. కొత్త మందు చేరిన కొన్ని గంటల్లోనే, చాలావరకు ఒకరోజులోపే మొదలవుతుంది. ట్రమడాల్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికా మందు ఇందులో తరచూ కనబడే భాగస్వాములు.

ఇప్పుడు మూడింటి మెలకువ సంగతి. మరో మాత్ర చేర్చే ముందు ఈ మెలకువ ఎందుకో వెతకాలి, ఎందుకంటే చాలా కారణాలకు నిద్రమాత్ర విరుగుడు కాదు, కొన్నిటికి హాని కూడా. గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతారా, ఉదయం తలనొప్పితో లేస్తారా అని పక్కన పడుకునేవారిని అడగండి. అవునంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. దానికి నిద్ర పరీక్ష చేయించకుండా బెంజోడయజెపైన్ పెంచడం తప్పు. రాత్రి కాళ్లు లాగుతూ, కదపకుండా ఉండలేని స్థితి ఉంటే ఎస్సిటలోప్రామ్ దాన్ని పెంచి ఉండవచ్చు. మిర్టజపైన్, డైఫెన్‌హైడ్రమైన్ ఇంకా పెంచుతాయి. అప్పుడు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి, అది 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. కాఫీ చివరిసారి ఎప్పుడు తాగుతున్నారో రాసుకోండి. కెఫీన్ సగానికి తగ్గడానికి మామూలుగా ఐదు గంటలు, కానీ ఫ్లూవోక్సమైన్ వాడేవారిలో ఆ సమయం ఎన్నో రెట్లు సాగుతుంది. పొద్దున తాగిన కాఫీ రాత్రికీ ఉండిపోయి, దానికి విరుగుడుగా నిద్రమాత్ర పడుతున్న సందర్భాలు ఉంటాయి. ఆల్ప్రాజొలామ్ వాడేవారికి ఇంకో కారణం ఉంది. రాత్రి డోసు తెల్లవారేసరికి తగ్గిపోయి, గుండెదడతో మెలకువ వస్తుంది. అది జబ్బు ముదిరిందని కాదు, రెండు డోసుల మధ్య మందు తగ్గినప్పుడు ఒళ్లు అడుగుతున్నదని.

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదని, నిద్ర కోసం ప్రత్యేకంగా రూపొందించిన ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. నాలుగు నుంచి ఎనిమిది సార్లు కూర్చుంటే సరిపోతుంది, మీరు వాడే ఏ మందుతోనూ గొడవ ఉండదు.

క్లోనజెపామ్ తగ్గించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉన్నట్టుండి ఆపితే వణుకు, నిద్ర పూర్తిగా పోవడం, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నాయి. క్లోనజెపామ్ నెమ్మదిగా పోయే మందు కాబట్టి బాధ మర్నాడే రాదు, కొన్ని రోజులు ఆగి వస్తుంది. ‘ఆపి మూడు రోజులైంది, బాగానే ఉన్నాను’ అన్నవారికి ఆ తర్వాతే కష్టం మొదలవుతుంది, దానికీ మాత్రకూ సంబంధం ఉందని తోచదు. 2025లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమంటున్నాయి, రెండు వారాల్లో 25 శాతం దాటవద్దంటున్నాయి. మీ 0.5లో 10 శాతమంటే 0.05 మిల్లీగ్రాములు. కత్తితో మాత్ర కోసి అది తీయలేరు. 0.25 మాత్రను సగం చేసినా వచ్చేది 0.125, అంటే మొదటి అడుగే 25 శాతం, ఆ తర్వాతి అడుగు మూడో వంతు. కాబట్టి చిన్న అడుగులు కావాలంటే ద్రవరూపం అడగాలి, లేదా డాక్టరు డయజెపామ్‌కు మార్చి అక్కడి నుంచి దింపుతారు. 0.5 క్లోనజెపామ్ సుమారు 10 మిల్లీగ్రాముల డయజెపామ్‌కు సమానం, 2 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో 10 శాతం అడుగు దొరుకుతుంది. ఈ సమానం అన్నది సుమారు లెక్కే, ఇంట్లో కూర్చుని ఎవరికి వారు మార్చుకునేది కాదు. ఒక అడుగు కష్టమైతే అక్కడే ఆగవచ్చు. ముందుకు వెళ్లలేకపోవడం ఓటమి కాదు, వేగం సరిపోలేదని అర్థం.

ఇక్కడే ఒక్కసారి మీ మాత్ర పేరు చూసుకోండి. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ ఒకే మాత్రలో కలిపి కూడా వస్తాయి. వాటిలో ఒకటి తగ్గించాలంటే రెండోదీ తగ్గిపోతుంది, అట్ట అయిపోతే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. విడివిడి మాత్రలుగా రాయమని అడగడమే తగ్గింపులో మొదటి పని.

65 దాటిన తల్లిదండ్రులు మీ మందులు చూసి ఒకటి ఇమ్మంటే ఇవ్వకండి. వృద్ధులకు తగని మందుల జాబితాగా పేరున్న బీర్స్ ప్రమాణాల్లో బెంజోడయజెపైన్లూ, జోల్పిడెమ్ కోవా రెండూ ఉన్నాయి. తుంటి ఎముక విరగడం, అయోమయం, వాళ్లకు మొదట వచ్చేవి అవే.

అత్యవసరం ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. కుదిపినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి పదికి తగ్గడం, గొంతులో గరగర శబ్దం, పెదవులు నీలంగా మారడం. అప్పుడు ‘పడుకోనిద్దాం, మత్తు దిగుతుంది’ అనుకోకూడదు. అంబులెన్సు పిలిచి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కాఫీ పోయడం, వాంతి చేయించడం వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఖాళీ అట్టలన్నీ వెంట తీసుకెళ్లాలి. బెంజోడయజెపైన్‌కు ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉన్నా, రోజూ వాడేవారిలో అది ఫిట్స్ తెప్పించవచ్చు, అందుకే ఎన్నాళ్లుగా వాడుతున్నారన్నది అక్కడి డాక్టరుకు తెలియాలి. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ముఖ్యంగా డోసు మారిన రోజుల్లో, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అలాంటి ఆలోచన గతంలో వచ్చి ఉంటే మందులు వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకుని, ఇంట్లో మీరు నమ్మే ఒకరి దగ్గర ఉంచండి.

రేపు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ప్రతి మందుకూ పేరు, మిల్లీగ్రాములు, వేసుకునే సమయం, ఎవరు రాశారు, ఎప్పుడు మొదలైంది అని రాయండి. సిరప్, గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, ఆకుల మందు కూడా అందులో ఉండాలి. పక్కనే వారం రోజుల నిద్ర వివరం: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, పగలు ఎప్పుడు కునుకు తీశారు. రెండో డాక్టరు రాసిన జోల్పిడెమ్ చీటీ దాచకుండా చూపించండి. అడగాల్సినవి మూడే. క్లోనజెపామ్ ఏ తేదీకి ఆపుతాం, ఏ అడుగుల్లో? ఎస్సిటలోప్రామ్ నాకు సరిపోతోందా, డోసు మార్చాలా? గురకకో, కాళ్ల లాగుడుకో పరీక్ష అవసరమా? జవాబులు అదే కాగితం మీద రాయించుకుని, నకలు ఒకటి మీరు ఎప్పుడూ మందులు కొనే ఫార్మసిస్టుకు ఇవ్వండి.